ప్రైడ్ ఊరేగింపు లేనంత మాత్రాన ఉద్యమం లేనట్టు కాదు: అరబ్ క్వీర్ మహిళలు, ట్రాన్స్ వ్యక్తుల గురించి

మీరు మూడు విషయాలు అడిగారు. అరబ్ దేశాల్లో ప్రైడ్ ఊరేగింపులే జరగవు కదా, క్వీర్ ఆడవాళ్లకు (లెస్బియన్, బైసెక్సువల్ లాంటివాళ్లకు), ట్రాన్స్ వాళ్లకు (పుట్టినప్పుడు రాసిన జెండర్ తమది కాదనేవాళ్లకు) అక్కడ ఉద్యమం అంటూ ఉందా అన్నది మొదటిది. మీ కాలేజీ స్టడీ సర్కిల్ పెట్టుకున్న మీటింగ్‌లో అక్కడి వాళ్లనెవరినైనా వీడియో కాల్‌లో మాట్లాడించవచ్చా అన్నది రెండోది. మీ స్నేహితురాలు, ట్రాన్స్ మహిళ, దుబాయ్ ఉద్యోగానికి వెళ్లొచ్చా అన్నది మూడోది. నేను హైదరాబాద్‌లో అరబిక్ చదువుకుని, అమ్మాన్‌లో, బేరూత్‌లో శరణార్థుల సంస్థల దగ్గర అనువాదకురాలిగా పనిచేశాను. అక్కడి క్వీర్ సంఘాల వాళ్లతో పరిచయం ఆ పనిలోనే ఏర్పడింది. కొంచెం పొడవుగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఉద్యమం ఉంది. పాతికేళ్లుగా ఉంది. కాకపోతే మనం వెతికే చోట కనిపించదు. ఎంతమంది వీధిలోకి వచ్చారు, ఎన్ని జెండాలు ఎగిరాయి అన్నది మన కొలత అయిపోయింది. వాళ్లు మొదట అడిగిన ప్రశ్న వేరు: ఇంట్లోంచి గెంటేసిన అమ్మాయి ఈ రాత్రి ఎక్కడ పడుకుంటుంది? అర్ధరాత్రి పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వస్తే ఎత్తే లాయర్ ఎవరు? ఆ ప్రశ్నలకు జవాబు కట్టుకుంటూ వెళ్లారు. అదే వాళ్ల ఉద్యమం.

ముందు చట్టాల సంగతి. ఆ దేశాలన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఏదీ అర్థం కాదు. ట్యునీషియాలో శిక్షాస్మృతి 230వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు వేయొచ్చు. దాని అరబిక్ పాఠం ఆడవాళ్ల మధ్య సంబంధాన్ని కూడా పేరుపెట్టి చెబుతుంది. ఆ శిక్షాస్మృతి 1913లో ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో వచ్చింది. లెబనాన్ 534వ సెక్షన్‌లో ‘ప్రకృతి విరుద్ధ సంభోగం’ అన్న మాట ఉంటుంది, ఏడాది వరకు జైలు. గాజాలో బ్రిటిష్ వాళ్లు 1936లో పెట్టిన శిక్షాస్మృతి ఉంది. స్వలింగ సంబంధాలను నేరం చేసిన మన 377వ సెక్షన్ ఎవరి చేతి రాతో అదీ వాళ్ల చేతి రాతే. జోర్డాన్ మాత్రం 1951లో కొత్త శిక్షాస్మృతి తెచ్చుకున్నప్పుడే ఈ నేరాన్ని వదిలేసింది. మన దగ్గర దాన్ని నేరం కాదన్న సుప్రీంకోర్టు తీర్పు 2018లో వచ్చింది, అంటే అరవై ఏడేళ్ల తర్వాత. అలాగని జోర్డాన్‌లో బతుకు సాఫీగా ఉందని కాదు. నీతి, మర్యాద పేరుతో వాడే సెక్షన్లు వేరే ఉన్నాయి, 2023లో వచ్చిన సైబర్ నేరాల చట్టం ఆన్‌లైన్‌లో నోరు విప్పడాన్ని ఇంకా కష్టం చేసింది. ఇరాక్ అయితే వెనక్కి నడిచింది. 2024 ఏప్రిల్‌లో పార్లమెంటు కొత్త చట్టం చేసి స్వలింగ సంబంధాలకు పది నుంచి పదిహేనేళ్ల జైలు, జెండర్ మార్పు చికిత్సకు మూడేళ్ల వరకు జైలు పెట్టింది. దాని తొలి ముసాయిదాలో మరణశిక్ష కూడా ఉంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మీ మీటింగ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా ‘అదంతా ఇస్లాం వల్లే’ అంటారు. మత పెద్దల వ్యతిరేకత నిజమే, గట్టిదే. కానీ చట్టాల పుట్టుక చూస్తే పారిస్, లండన్ కూడా తేలతాయి.

ఇక సంఘాల సంగతికి వస్తే, ఆడవాళ్ల విషయంలో హైఫా నుంచి మొదలుపెట్టాలి. అది ఇజ్రాయెల్‌లోని నగరం, ఇజ్రాయెల్ పౌరసత్వం ఉన్న పాలస్తీనా వాళ్లు కూడా అక్కడ ఉంటారు. 2000ల మొదట్లో అక్కడ కొద్దిమంది పాలస్తీనా లెస్బియన్ మహిళలు కలిసి ‘అస్వాత్’ అని సంఘం పెట్టుకున్నారు. గొంతులు అని అర్థం. ముందు ఈమెయిళ్లలోనే మాట్లాడుకున్నారు, తర్వాత కయాన్ అనే పాలస్తీనా ఫెమినిస్టు సంస్థ నీడలో చోటు దొరికింది. వాళ్లలో ఒకరు, కవయిత్రి రౌదా మోర్కోస్, లెస్బియన్ అని ఒక పత్రికలో అచ్చయ్యాక ఆమె కారు ధ్వంసం చేశారు, టీచర్ ఉద్యోగం పోయింది. ఆమె పని ఆపలేదు. 2007 మార్చిలో అస్వాత్ హైఫాలో మొదటిసారి బహిరంగ సదస్సు పెట్టింది. ఇస్లామిక్ మూవ్‌మెంట్ అనే అక్కడి మత సంస్థ దాన్ని ఆపాలని పిలుపిచ్చింది, అయినా వందల మంది వచ్చారు. వాళ్లు చేసిన పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది అనువాదం, ప్రచురణ. పదిహేడేళ్ల పిల్ల తన గురించి తాను తెలుసుకోవాలంటే అప్పటిదాకా హీబ్రూలోనో ఇంగ్లిష్‌లోనో చదువుకోవాలి, అరబిక్‌లో దొరికేవి తిట్లు, లేకపోతే రోగాల పేర్లు. అమ్మతో మాట్లాడే భాషలో తన గురించి చెప్పుకోవడానికి వీలు కల్పించింది వీళ్లే.

బేరూత్ కథ ఇంకోలా నడిచింది. 2004లో ‘హెలెం’ వచ్చింది. అరబ్ ప్రపంచంలో బాహాటంగా ఆఫీసు తెరిచిన మొదటి సంఘాల్లో దాన్ని లెక్కేస్తారు. అందులో ఆడవాళ్లు పనిచేశారు గానీ, మీటింగుల్లో మాట్లాడేది మగవాళ్లు, కేసులన్నీ మగవాళ్లవి. లెస్బియన్ అమ్మాయిని పోలీసులు పట్టుకోవడం తక్కువ. ఆమెను పట్టి ఉంచేది ఇల్లు: ఫోన్ లాక్కుంటారు, కాలేజీ మాన్పిస్తారు, పెళ్లి కుదురుస్తారు. దానికి ఏ కోర్టులో కేసు వేస్తారు? అందుకే 2007లో కొందరు విడిగా ‘మీమ్’ పెట్టుకున్నారు. ఇది అరబిక్ అక్షరం పేరు, మన వాట్సాప్ మీమ్ కాదు. లెస్బియన్, బైసెక్సువల్, క్వీర్ ఆడవాళ్లకు, ట్రాన్స్ వ్యక్తులకు మాత్రమే ప్రవేశం. సభ్యుల పేర్లు బయటికి రావు, మీడియాకు ముఖాలు చూపించరు. నగరంలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని అందరూ వచ్చి కూర్చునే చోటు చేసుకున్నారు. కౌన్సెలింగ్ ఏర్పాటు చేశారు. ‘బెఖ్సూస్’ అని వెబ్ పత్రిక నడిపారు. 2009లో తమ సభ్యుల, స్నేహితుల అనుభవాలు నలభై ఒకటి కూర్చి ‘బరీద్ ముస్తాజిల్’ పేరుతో అరబిక్‌లో, ఇంగ్లిష్‌లో పుస్తకం తెచ్చారు. కథల కింద రచయితల పేర్లుండవు. హిజాబ్ వేసుకునే లెస్బియన్ ఉంది, పల్లెటూరి అమ్మాయి ఉంది, ట్రాన్స్ వ్యక్తి ఉన్నారు, విదేశానికి వెళ్లిపోయి బాధపడేవాళ్లున్నారు.

మీమ్ ఆ తర్వాత కొన్నేళ్లకు మూతపడింది. దాన్ని ఓటమిగా నేను చూడను. అక్కడ పెరిగిన వాళ్లు ఫెమినిస్టు సంఘాల్లోకి, లైంగిక ఆరోగ్యం, వలస కార్మికుల హక్కుల పనిలోకి వెళ్లారు. మనకు నేరుగా తగిలే సంగతి ఒకటి ఉంది ఇక్కడ. ‘నసవియా’ అనే ఫెమినిస్టు బృందంలో క్వీర్ ఆడవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. ఆ వాతావరణంలోనే 2010లో యాంటీ రేసిజం మూవ్‌మెంట్ మొదలైంది, ఇళ్లలో పనిచేసే వలస ఆడవాళ్ల కోసం కమ్యూనిటీ సెంటర్ నడిపింది. ఇథియోపియా, శ్రీలంక, ఫిలిప్పీన్స్, నేపాల్ వాళ్లు ఆదివారం సెలవు దొరికితే అక్కడికొచ్చి ఇంగ్లిష్, కంప్యూటర్ నేర్చుకునేవాళ్లు. కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో ఖద్దామా (ఇంటిపని) వీసా మీద కువైట్ వెళ్లిన మన ఆడవాళ్ల మెడ మీద ఉన్న కఫాలా పద్ధతే, అంటే పనివాళ్లను యజమానికి కట్టేసే పద్ధతే, లెబనాన్‌లోనూ ఉంది. పాస్‌పోర్ట్ యజమాని దగ్గరే ఉంటుంది, చెప్పకుండా ఇల్లు దాటితే ‘పారిపోయింది’ అని కేసు. తన ఇంట్లోనే బందీగా ఉన్న లెస్బియన్ అమ్మాయికి, పక్క గదిలో బందీగా ఉన్న పనిమనిషికి తాళం ఒకటేనని వీళ్లు గుర్తించారు.

ఆడవాళ్లు, ట్రాన్స్ వాళ్లు ఎందుకు ఒకే సంఘంలో అన్న సందేహం మీ ప్రశ్నలో కనిపించింది. ఇద్దరికీ మొదటి గొడవ కుటుంబంతో, బట్టలతో, గుర్తింపు కాగితాలతో. ఎవరితో పడుకున్నావన్న ప్రశ్న తర్వాతెప్పుడో వస్తుంది. అలాగని అన్నీ కలవవు. ట్రాన్స్ మహిళల కష్టం వీధిలో మొదలవుతుంది.

బేరూత్‌లో ఒక సాయంత్రం ట్రాన్స్ మహిళల మీటింగ్‌కి అనువాదం చేయడానికి వెళ్లాను. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు, కరెంటు లేదు, జనరేటర్ చప్పుడు. లోపలికి వెళ్లగానే ఫోన్లన్నీ తీసి వంటగదిలో పెట్టించారు. ఆ రోజు చర్చ సినిమాల గురించో సిద్ధాంతాల గురించో కాదు, చెక్‌పోస్ట్ దగ్గర కార్డు ఎలా చూపించాలన్నది. సిరియా నుంచి వచ్చిన ఒకామె తన శరణార్థి కాగితం తీసి బల్ల మీద పరిచింది. నాలుగు మడతల దగ్గర చిరుగులు పట్టి టేపు వేసి ఉంది. దాని మీద గడ్డంతో ఉన్న ఫోటో, మగ పేరు. ఎదురుగా కూర్చున్న మనిషికి లిప్‌స్టిక్, భుజాల దాకా జుట్టు. సర్వీస్ టాక్సీలో (షేర్ టాక్సీలో) వెనక సీటు మధ్యలో కూర్చో, కిటికీ పక్కన వద్దు, సైనికుడు అడిగితే ముందు డ్రైవర్ చేతికివ్వు, రాత్రి తొమ్మిది దాటితే ఫలానా రోడ్డు వద్దు అని మిగతావాళ్లు చెప్తున్నారు. ఆమె ఒక్కొక్కటీ తిరిగి చెప్పి బట్టీ పట్టింది. తర్వాత అద్దె గురించి మాట్లాడుకున్నారు. ఇల్లు ఖాళీ చేయమన్న ఇద్దరికి ఎవరింట్లో పరుపు వేయాలో తేల్చాకే లేచారు. మీరు అడిగిన ఉద్యమం ఎలా ఉంటుందంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ బల్ల చుట్టూ జరిగిన పని.

కాగితం మార్చుకోవడానికి కోర్టు దారి ఉంది గానీ చాలా ఇరుకు. లెబనాన్‌లో ఒక ట్రాన్స్ పురుషుడికి రికార్డుల్లో జెండర్ మార్చాలని అప్పీలు కోర్టు తీర్పిచ్చిన వార్త 2016 జనవరిలో వచ్చింది. సర్జరీ అయినవాళ్లకు, లాయర్‌ను పెట్టుకోగలిగినవాళ్లకు ఆ దారి తెరుచుకుంది. టేపు వేసిన కాగితంతో తిరిగే సిరియా ఆమెకు అది అందదు.

కువైట్ సంగతి తెలుగువాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 2007లో అక్కడ 198వ సెక్షన్‌ను సవరించి ‘ఎదుటి లింగాన్ని అనుకరించడం’ నేరం చేశారు. ఏడాది జైలు లేదా వెయ్యి దినార్ల వరకు జరిమానా. అనుకరణ అంటే ఏమిటో రాయలేదు. చొక్కా మెత్తగా ఉందని, గొంతు సన్నగా ఉందని పోలీసు నిర్ణయిస్తే చాలు. లాకప్పుల్లో కొట్టారని, లైంగికంగా హింసించారని ట్రాన్స్ మహిళలు చెప్పిన సాక్ష్యాలను హ్యూమన్ రైట్స్ వాచ్ 2012లో నివేదికగా ప్రచురించింది. మహా అల్ ముతైరీ అనే ట్రాన్స్ మహిళ 2020లో తన వీడియోతోనే ముందుకొచ్చి, మగవాళ్ల జైల్లో తనకు జరిగింది చెప్పింది. చివరికి 2022 ఫిబ్రవరి 16న కువైట్ రాజ్యాంగ న్యాయస్థానం ఆ సవరణను కొట్టేసింది.

ఇప్పుడు మన తెలంగాణ చూడండి. నిజాం కాలం నాటి, 1329 ఫస్లీ (అంటే 1919) నాటి చట్టం ఒకటి ఇక్కడ 2023 దాకా బతికే ఉంది. ఆడవాళ్ల బట్టలు, నగలు వేసుకుని బహిరంగంగా కనిపించిన హిజ్రాను వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చని, రెండేళ్ల వరకు జైలని అందులో రాసి ఉంది. ట్రాన్స్ ఉద్యమకారిణి వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకెక్కారు. దాన్ని రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. కువైట్ కోర్టు తీర్పు వచ్చి అప్పటికి ఏడాది దాటింది. మీ మీటింగ్‌లో ఈ రెండు తారీఖులూ బోర్డు మీద పక్కపక్కన రాయండి. ‘పాపం, వాళ్లు వెనకబడి ఉన్నారు’ అనే ధోరణిలో చర్చ మొదలవకుండా ఉంటుంది.

ఈజిప్ట్ గురించి రాయడం నాకు ఎప్పుడూ బరువుగానే ఉంటుంది. అక్కడ 1961 నాటి 10వ నంబరు చట్టంలో ‘వ్యభిచారం’ పక్కన ఉన్న ‘ఫుజూర్’ (దుర్నడత) అన్న మాట పట్టుకుని గే మగవాళ్లను, ట్రాన్స్ మహిళలను జైల్లో వేస్తున్నారు. 2017 సెప్టెంబర్ 22న కైరోలో మష్రూ లైలా అనే లెబనీస్ బ్యాండ్ కచేరీలో సారా హెగాజీ అనే ఈజిప్ట్ లెస్బియన్ అమ్మాయి క్వీర్ ఉద్యమపు ఇంద్రధనుస్సు జెండా పట్టుకుంది. ఫోటో అంతటా పాకింది. ఆ తర్వాత వరుసగా అరెస్టులు. సారాను మూడు నెలలు జైల్లో పెట్టారు, కరెంటు షాకులిచ్చారు. బెయిల్ మీద వచ్చాక కెనడా వెళ్లిపోయింది. అక్కడున్నా ఆ జైలు ఆమెను వదల్లేదు. 2020 జూన్‌లో టొరంటోలో ప్రాణం తీసుకుంది. అప్పటికి ముప్పై ఏళ్లు. ఆమెను అందరూ జెండా ఫోటోతోనే గుర్తుపెట్టుకుంటారు. ఆమె సోషలిస్టు, ప్రభుత్వ అణచివేత గురించి, వర్గం గురించి, ప్రవాసంలో కుంగుబాటు గురించి వ్యాసాలు రాసిన మనిషి. అవి చదివించండి.

మలక్ అల్ కాషెఫ్ కూడా ఈజిప్ట్ అమ్మాయే, ట్రాన్స్ మహిళ. 2019లో కైరో రామ్సెస్ రైల్వే స్టేషన్‌లో మంటలు చెలరేగి జనం చనిపోతే, నిరసనకు రండని పిలుపిచ్చింది. అందుకు అరెస్టు చేసి తోరా మగవాళ్ల జైల్లో పెట్టారు. నాలుగు నెలల తర్వాత వదిలారు. పట్టుకుంది రైలు ప్రమాదం మీద మాట్లాడినందుకు, శిక్షించింది ట్రాన్స్ అయినందుకు. ట్యునీషియాలో క్వీర్ ఉద్యమకారిణి రానియా అమ్‌దూనీ కథా అలాంటిదే. 2021లో నిరసనల్లో పాల్గొన్నందుకు తనను వేధిస్తున్నారని ఫిర్యాదు ఇవ్వడానికి పోలీస్ స్టేషన్‌కి వెళ్తే, అధికారిని దూషించిందని ఆమెకే ఆరు నెలల శిక్ష వేశారు. వీధుల్లో గొడవ జరిగాక మార్చిలో అప్పీలు కోర్టు వదిలింది. అదే ట్యునీషియాలో ‘షూఫ్’ సంఘం ఆడవాళ్లు 2015 నుంచి ఫెమినిస్టు కళల ఉత్సవం నడిపారు, ‘మౌజూదీన్’ 2018లో క్వీర్ సినిమా ఉత్సవం పెట్టింది. 230వ సెక్షన్ అలాగే ఉండగానే ఇవన్నీ జరిగాయి.

పాలస్తీనా గురించి మీటింగ్‌లో గొడవ రావచ్చు, సిద్ధంగా ఉండండి. టెల్ అవీవ్‌లో పెద్ద ప్రైడ్ జరుగుతుంది కదా, పాలస్తీనా క్వీర్లు అటు ఎందుకు ఉండరని అడుగుతారు. ‘అల్‌ఖౌస్’ అనే పాలస్తీనా సంఘం దీనికి ఏళ్లుగా జవాబు చెప్తోంది: చెక్‌పాయింట్ దగ్గర తుపాకీ పట్టుకున్న సైనికుడు నువ్వు లెస్బియనా అని అడిగి దారివ్వడు. పైగా 2014లో ఇజ్రాయెల్ నిఘా విభాగం 8200 రిజర్వు సైనికులు నలభై మూడు మంది బహిరంగ లేఖ రాశారు. పాలస్తీనా వాళ్ల లైంగిక జీవితం లాంటి సొంత విషయాలు సేకరించి, వాటితో బెదిరించి ఇన్‌ఫార్మర్లుగా మారుస్తున్నారని వాళ్లే చెప్పారు. ఇటు పక్క కూడా దాచకూడదు. 2019 ఆగస్టులో పాలస్తీనా అథారిటీ పోలీసులు అల్‌ఖౌస్ కార్యక్రమాలను నిషేధిస్తున్నామని, వాళ్ల సమాచారం ఇవ్వండని ప్రజలకు చెప్పారు. గొడవయ్యాక వెనక్కి తీసుకున్నారు. అదే నెల 1న, టామ్రా ఊరి కుర్రాడిని కత్తితో పొడిచినందుకు నిరసనగా పాలస్తీనా క్వీర్లు హైఫా వీధిలోకి బహిరంగంగా వచ్చారు. ఆక్రమణతోనూ ఇంటివాళ్లతోనూ ఒకేసారి తేల్చుకుంటున్న వాళ్లను ఒక పక్షం తీసుకోమని మనం అడగడం అన్యాయం.

విదేశాల్లో ఉన్నవాళ్ల పాత్ర కూడా చిన్నది కాదు. అమెరికాలో 1988లోనే గే, లెస్బియన్ అరబ్ సొసైటీ ఏర్పడింది. 90ల చివర్లో శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర కొందరు అరబ్ అమ్మాయిలు ‘బింత్ ఎల్ నాస్’ అనే వెబ్ పత్రిక మొదలుపెట్టారు. తమ బృందానికి పెట్టుకున్న పేరు ముజద్దరా మీద వచ్చింది. అది మసూర్ పప్పు, అన్నం, వేయించిన ఉల్లిపాయలతో చేసే పేదింటి వంట. కవితలు, బొమ్మలు, ఉత్తరాలు వేసుకునేవాళ్లు. ఊళ్లో ఇంకెవరూ తనలా లేరనుకున్న పిల్లలకు అప్పట్లో అది దొరకడమే పెద్ద ఊరట.

ఇక మీ రెండో ప్రశ్న. వీడియో కాల్ వద్దని నా గట్టి సలహా. మీరు మంచి మనసుతోనే పిలుస్తారు, కానీ హాల్లో ఒక్కరు స్క్రీన్ రికార్డ్ చేసి స్టేటస్ పెడితే ఆమె పని అయిపోయినట్టే. ఈజిప్ట్, ఇరాక్, జోర్డాన్, లెబనాన్, ట్యునీషియాల్లో పోలీసులు ఫోన్లలోని ఫోటోలు, చాట్లే సాక్ష్యంగా చూపించి కేసులు కట్టిన తీరు 2023 నాటి హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదికలో వివరంగా ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికి ఎవరికో మెసేజ్ పెట్టి ‘మీ కథ చెప్పండి’ అని కూడా అడగొద్దు. అలాంటి మెసేజీలు పోలీసులూ పెడతారు. దానికి బదులు సంఘాలు తమంతట తాము ప్రచురించినవి తీసుకోండి. హైదరాబాద్‌లో అరబిక్ వచ్చినవాళ్లకు కొదవ లేదు. కార్పొరేట్ ఆసుపత్రుల్లో యెమెన్, ఒమన్ రోగులకు అనువాదం చేసేవాళ్లున్నారు, యూనివర్సిటీల్లో విద్యార్థులున్నారు. ఒక వ్యాసం అరబిక్‌లో చదివించి, పేరా పేరాకి తెలుగులో చెప్పించుకోండి. మన ట్రాన్స్ సంఘాల వాళ్లను కూడా పిలవండి, ప్రేక్షకులుగా కాదు, మాట్లాడటానికి.

మూడోది, దుబాయ్ ఉద్యోగం. ఇక్కడ మొహమాటపడకుండా చెప్తాను. 2017 ఆగస్టులో అబుదాబిలోని ఒక మాల్‌లో ఆడవాళ్లలా తయారయ్యారని ఇద్దరు సింగపూర్ వాళ్లను అరెస్టు చేశారు. అందులో ఒకరు ట్రాన్స్ మహిళ, పాస్‌పోర్ట్‌లో పురుషుడు అని ఉంది. ఏడాది శిక్ష వేసి, తర్వాత దేశం నుంచి పంపేశారు. అంతకు ముందు ఏడాది పేరున్న ఒక కెనడా ట్రాన్స్ మహిళను దుబాయ్ ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపి వెనక్కి పంపారు. కంపెనీ ఎంత పెద్దదైనా ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర అది పనిచేయదు. ‘ఏం కాదు, నేను చూసుకుంటా’ అన్న ఏజెంట్ మాట నమ్మి టికెట్ కొనొద్దు. పాస్‌పోర్ట్‌లో ఉన్న జెండర్, ఫోటో, మనిషి కనిపించే తీరు మూడూ కలవకపోతే వెళ్లకపోవడమే మంచిది. కలిసినా వీసా మెడికల్ ఉంటుంది, మందుల సంచి ఉంటుంది, ఫోన్‌లో పాత ఫోటోలు ఉంటాయి. హార్మోన్ల మందులు తీసుకెళ్లాలంటే ముందుగా ఆ దేశపు ఆరోగ్య శాఖ నియమాలు చూసుకోవాలి. అదే కంపెనీ బెంగళూరులోనో ఇంకో దేశంలోనో పోస్టింగ్ ఇస్తుందేమో మొదట అడగమనండి. ఆమె పాస్‌పోర్ట్‌లో ఏముందో ఇక్కడ అందరి ముందూ రాయొద్దు, నాకు విడిగా మెసేజ్ పెట్టండి, కాగితాలు ఒక్కొక్కటీ కలిసి చూద్దాం.